సరిచేయబడినదానిని నిలుపుకొనుట

ధ్యానభాగము: ప్రకటన గ్రంథము 3వ అధ్యాయము, 7 మొదలు 13 వచనములు



ఫిలదెల్ఫియ సంఘమునకు శక్తి కొంచెమే యున్నదని ప్రభువే చెప్పెను. అయినను ఆ కొంచెము శక్తితోనే అది ఆయన మాటను విడువక కాపాడుకొనెను. అందుచేత ఆ సంఘమునకు వ్రాయించిన లేఖలో గద్దింపు ఒక్కటియు లేదు. క్రొత్తగా ఏదో గొప్ప కార్యము చేయుమని కూడ ఆయన దానిని అడుగలేదు. 11వ వచనములో ఆయన కోరినది ఒక్కటే: చేతికి వచ్చినదానిని జారనీయకూడదు. సంపాదించుట ఒక పని. నిలుపుకొనుట మరియొక పని. మొదటి పనికి ఊరంతయు చూచి సంతోషించును. రెండవ పనిని చూచువారు తక్కువ. ఈ రెండవ పనిని గూర్చి ఈ నెల ధ్యానింతము. దానికి దృష్టాంతమును మన బిడ్డల నోటిలోనుండియే తీసికొందము.

ఆదోనిలోను ఎమ్మిగనూరులోను బస్సు దిగి పాఠశాలకును కాలేజీకిని పోవు పిల్లలలో, పండ్లకు క్లిప్పులు వేయించుకొన్నవారిని ఇప్పుడు మనము తరచుగా చూచుచున్నాము. మన పల్లె సంఘముల బిడ్డలలోను కొందరున్నారు. ఇది లోకపు అందముకొరకైన వ్యామోహము కాదా అని మమ్మును అడిగిన పెద్దలు కలరు. దేవుడు పైరూపమును చూడక హృదయమును చూచునని మొదటి సమూయేలు 16వ అధ్యాయములో చదువుచున్నాము, అది నిజము. అయితే ఒకదానిపై ఒకటి ఎక్కిన పండ్లను శుభ్రముగా తోముట కష్టము. ముందుకు పొడుచుకొని వచ్చిన పండ్లు, బిడ్డ క్రింద పడినప్పుడు సులభముగా విరుగును. నవ్వవలసినప్పుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొను బిడ్డ మనస్సు ఎంత నలుగునో తల్లి యెరుగును. కాబట్టి శక్తి గలవారు వైద్యము చేయించుకొనుట తప్పు కాదు. శక్తి లేనివారు సిగ్గుపడ నవసరము లేదు.

ఇక ఆ వైద్యము ఎట్లు జరుగునో వినుడి. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి యున్నదని మనము తలంచుదుము. అట్లు కాదు. పంటి వేరునకును దవడ ఎముకకును నడుమ సన్నని నారపోగులవంటి తంతువుల పొర యొకటి కలదు. ఆ పొరయే పంటిని పట్టియుండును. క్లిప్పుల తీగ పంటిని మెల్లగా ఒక ప్రక్కకు నెట్టగా, ఆ ప్రక్కనున్న ఎముక కొంచెము కొంచెముగా కరగును. పన్ను విడిచి వచ్చిన ప్రక్కను క్రొత్త ఎముక పుట్టును. ఈ విధముగా ఏడాదిన్నర, రెండేండ్లు గడచును. బిడ్డ నొప్పి ఓర్చుకొనును. తండ్రి పత్తి అమ్మిన సొమ్ములో కొంత తీసి పెట్టును. తుదకు ఒక దినమున క్లిప్పులు తీసివేయుదురు. అద్దములో చూచుకొనగా పండ్లు వరుసగా నుండును. అందరును పని ముగిసెనని యనుకొందురు.

పని ముగియలేదు. పంటి చుట్టునున్న ఎముక ఇంకను గట్టిపడవలసి యున్నది. వేరును పట్టియున్న తంతువులు క్రొత్త చోటికి సర్దుకొనుటకు 3, 4 నెలలు పట్టును. చిగుళ్లలోని తంతువులకు 4 మొదలు 6 నెలలు పట్టును. పంటి మెడచుట్టు రబ్బరువలె సాగు గుణముగల తంతువులు సంవత్సరము దాటినను పాత చోటివైపునకే లాగుచుండును. కన్ను చూచునది నేటి వరుసను; చిగురు లోపలిది పాత వంకరను ఇంకను మరువలేదు.

అందుచేత వైద్యులు రిటైనరు అనుదానిని ఇత్తురు. అంగిలికి ఆనుకొను పలుచని పలకయు, పండ్లకు ముందు సన్నని తీగయు గలది ఒక రకము. అమెరికా దేశపు హాలీ అను దంతవైద్యుడు 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో దీనిని రూపించెను. గాజువలె కనబడు ప్లాస్టికు తొడుగు రెండవ రకము. పండ్ల వెనుకప్రక్క అంటించి ఉంచు సన్నని తీగ మూడవది. ఏ రకమైనను దీని పని పండ్లను నెట్టుట కాదు. క్లిప్పులు తెచ్చి నిలిపిన చోటనే వాటిని పట్టియుండును; అంతే.

ఆదోనివారికి ఈ సంగతి క్రొత్త కాదు. ప్రెస్సులో దూదిని యంత్రము బలముగా నొక్కి సుమారు 170 కిలోల బేలుగా చేయును. ఆ ఒత్తిడి తీయకముందే బేలు చుట్టును పట్టీలు బిగింతురు. పట్టీలు కట్టక వదలినయెడల నొక్కిన దూది మరల ఉబ్బిపోవును. ఆ పట్టీలు దూదిని నొక్కినవి కావు, నొక్కినది యంత్రము. కాని పట్టీలు లేనిదే యంత్రము చేసిన పని నిలువదు.

ఎమ్మిగనూరువారికిని ఇది తెలియును. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఊరు అది. మగ్గము మీద పేక బిగిసినకొలది గుడ్డ అంచులు లోపలికి ముడుచుకొనును. కాబట్టి నేతగాడు రెండు కొనలకు సూదులుగల బద్దను నేసిన గుడ్డకు అడ్డముగా గుచ్చి పెట్టును. కొంత నేయగానే దానిని ముందుకు జరుపుకొనును. ఆ బద్ద ఒక్క పోగైనను నేయదు. నేసిన వెడల్పు తరిగిపోకుండ పట్టును.

ప్రియులారా, ఇందులో మనము నేర్చుకొనవలసినవి మూడు కలవు.

మొదటిది: నిలుపుకొనుటకు గొప్ప బలము అక్కరలేదు, విడువక పట్టుకొనుట అవసరము. రిటైనరు పండ్లను సరిచేయలేదు. అట్లే మన ప్రార్థనలు, వాక్యపఠనము, ఆదివారపు కూడిక మనలను రక్షింపలేదు, రక్షించినది క్రీస్తు. వీటితో మనము రక్షణను కొనుట లేదు. అయినను వీటిని విడిచినవాడు తన పాత చోటికి జారుట మనము చూడలేదా? త్రాగుడు మానిన సహోదరుడు, మానిన దినముననే పూర్తిగా క్రొత్తవాడైతినని తలంచును. దేవుడు అతని దోవను మార్చెను, నిజమే. గాని సాయంకాలమయ్యేసరికి కాళ్లు పాత అంగడివైపునకే లాగును. ఆ ఘడియలో అతనికి కావలసినది గొప్ప ప్రసంగము కాదు. ప్రక్కన కూర్చుండి మాటలాడు ఒక సహోదరుడును, ఇంటిలో చేయు చిన్న కుటుంబ ప్రార్థనయు కావలెను. ఫిలదెల్ఫియవారికి కొంచెమే శక్తి యుండెను. ఆ కొంచెమే చాలెను.

రెండవది: జారినప్పుడు వెంటనే చెప్పవలెను. మా ప్రాంతపు సంఘములలో ఒక కుటుంబము కలదు. బిడ్డకు క్లిప్పులు తీసిన కొద్ది వారములకే ఇంటిల్లిపాదియు గుంటూరువైపు మిరపకోతలకు వెళ్లిరి. బిడ్డ చేనిగట్టున అన్నము తినునప్పుడు రిటైనరును తీసి కాగితములో చుట్టి పెట్టెడిది. ఒకనాడు ఎవరో చెత్తకాగితమనుకొని దానిని పారవేసిరి. బిడ్డ తల్లికి చెప్పలేదు. ఇంత ఖర్చు పెట్టితిమే యని తండ్రి కోపపడునని భయపడెను. కోతలు ముగిసి ఊరికి వచ్చునప్పటికి పై పన్ను ఒకటి మరల తిరిగి యుండెను. మందిరములో పాటల జట్టులో నిలిచియు బిడ్డ నోరు తెరువలేదు. “ఎందుకమ్మా, పాడకున్నావు?” అని తల్లి అడిగినప్పుడు చున్నీ నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చెను. వైద్యుడు కోపపడలేదు. “పోయిన వారమే వచ్చుంటే కొత్తది చేసిచ్చేవాణ్ణి తల్లీ, ఇప్పుడు మళ్లీ కొన్ని నెలలు క్లిప్పులు వేయాలి” అని మాత్రము చెప్పెను.

తలిదండ్రులారా, ఆ బిడ్డ పన్నును గూర్చి కంటె పెద్దల కోపమును గూర్చి ఎక్కువ భయపడెను. ఆ భయమే నెలలను మింగివేసెను. సంఘములోను ఇట్లే జరుగుచున్నది. వలసలో ప్రార్థన మానినవాడును, పాత అలవాటులో పడినవాడును ఊరికి వచ్చి మందిరమునకు రాడు. ఏమందురో యను సిగ్గుచేత తప్పించుకొని తిరుగును. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనములో, తప్పిపోయినవానిని సాత్వికముతో మంచిదారికి తేవలెనని పౌలు బోధించెను. అక్కడ అతడు వాడిన గ్రీకు మాటయే, జాలరులు చినిగిన వలలను బాగుచేసికొనుటను చెప్పు చోట మార్కు సువార్త 1వ అధ్యాయములోను ఉన్నది. వలను బాగుచేయువాడు వలను తిట్టడు. చినిగిన చోటు వెదకి ముడి వేయును. మొదటి వారములోనే తన తప్పు చెప్పుకొనుటకు ధైర్యము కలుగునట్టి ఇల్లును, అట్టి సంఘమును మనము కట్టుకొనవలెను.

మూడవది: ఇది ఎంతకాలము? బిడ్డలు వైద్యుని అడుగు ప్రశ్న ఇదియే. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున లిటిల్ అను వైద్యుడును ఆయన తోడివారును, రిటైనరు మానిన పిమ్మట కనీసము 10 సంవత్సరములు గడచిన 65 మంది పండ్లను పరిశీలించి 1981లో ప్రకటించిరి. వారిలో దాదాపు ముగ్గురిలో ఇద్దరికి క్రింది ముందరి పండ్లు తగినంత వరుసగా నిలువలేదు. ఎవరికి కదలునో ఎవరికి కదలదో ముందుగా చెప్పుటకు తగిన గురుతులు కూడ దొరకలేదు. ఎన్నడును క్లిప్పులు వేయించుకొననివారికి సహితము వయస్సు పెరిగినకొలది క్రింది పండ్లు దగ్గరకు జరుగుచుండును. అందుచేత, పండ్లు వరుసగా నుండవలెనని కోరినంతకాలము రాత్రివేళ రిటైనరు పెట్టుకొనుమని నేటి వైద్యులలో అనేకులు చెప్పుచున్నారు. సంఘపు పెద్దలారా, ఈ మాట మనకును వర్తించును. బాప్తిస్మము పొంది 30 ఏండ్లైనది, ఇక మాకు కదలిక లేదని ఎవరును అనుకొనరాదు. నిలిచితినని తలంచువాడు పడకుండ చూచుకొనవలెనని కొరింథీయులకు పౌలు వ్రాసిన హెచ్చరిక క్రొత్తవారికి మాత్రమే చెప్పినది కాదు.

ఇక బిడ్డలుగల ఇండ్లవారికి కొన్ని మాటలు చెప్పుచున్నాము. వైద్యుడు చెప్పినన్ని గంటలు రిటైనరు పెట్టుకొనవలెను. చాలమందికి మొదటి నెలలలో భోజనము వేళ తప్ప రాత్రింబగళ్లును, తరువాత రాత్రులును అని చెప్పుదురు. జొన్నరొట్టె గాని వేరుసెనగలు గాని తినునప్పుడు దానిని తీసి పెట్టెలోనే ఉంచవలెను. కాగితములో చుట్టరాదు, జేబులో వేయరాదు. చల్లని నీళ్లతో మెత్తని బ్రష్షుతో కడుగవలెను. వేడినీళ్లు పోసినను, మన వేసవి ఎండలో పెట్టినను ప్లాస్టికు వంగిపోవును. వంగినది పంటికి సరిపడదు. వెనుక అంటించిన తీగ ఒక కొన ఊడినను వెంటనే చూపించుకొనవలెను. ఊడిన చోట పన్ను కదలును, బిడ్డకు తెలియను కూడ తెలియదు. పోయినను విరిగినను, నోటిలో సరిగా కూర్చుండకున్నను నెలలు ఆగక ఆ వారమే వైద్యుని చూడవలెను. పెద్ద వైద్యము అవసరమైనవారికి కర్నూలులో జి. పుల్లారెడ్డి దంతవైద్య కళాశాల ఆసుపత్రి కలదు. వలస వెళ్లువారు బయలుదేరుటకు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పి, తగిన ఏర్పాటు చేయించుకొనవలెను. మూటలో బియ్యము, దుప్పట్లు సర్దుకొనునప్పుడు ఆ చిన్న పెట్టెను మరువకుడి; బైబిలును కూడ మరువకుడి.

ఫిలదెల్ఫియ పట్టణము భూకంపముల సీమలో నుండెను. క్రీ.శ. 17లో గొప్ప భూకంపము ఆ పట్టణమును పడగొట్టెను. పిమ్మటను నేల అదురుచుండుటచేత అనేకులు గోడల నడుమ నివసింప వెరచి వెలుపల పొలములలో కాపురముండిరి. కాళ్ల క్రింది నేలయే కదలు అట్టి ఊరివారికి ప్రభువు చేసిన వాగ్దానము ఏది? జయించువానిని తన దేవుని ఆలయములో స్తంభముగా నిలుపుదుననియు, అతడు ఇక ఎన్నడును అందులోనుండి వెలుపలికి పోడనియు చెప్పెను. పట్టుకొనుమని మనకు ఆజ్ఞాపించినవాడే తుదకు మనలను కదలకుండ నిలుపువాడు. ఆ దినము వచ్చువరకు, మనకున్న కొంచెము శక్తితో, ప్రతి రాత్రియు, ప్రతి ఉదయమును, ఆయన సరిచేసినదానిని పట్టుకొని యుందము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వంకరయైన మా త్రోవలను నీవు సరిచేసితివి. మేము బలహీనులము, మరచువారము. వలసలలో నున్న మా కుటుంబములను కాపాడుము. తప్పిపోయినవారు సిగ్గుపడక తిరిగి వచ్చునట్లు మా ఇండ్లను, మా సంఘములను మెత్తని హృదయముగలవానిగా చేయుము. మా బిడ్డల నోళ్లు భయము లేక నీ స్తుతి పాడునట్లు చేయుము. క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.