నిద్ర దోషమా, రోగమా?

ప్రాతఃకాలమున సుప్రభాతము వినుచునే కునికిపాట్లు పడు భక్తుని చూచి, తమోగుణమని నిందించుట సులభము. నేనును నన్నట్లే నిందించుకొంటిని. ఉపవాసములు పెంచితిని, జపసంఖ్య పెంచితిని. మగత తగ్గలేదు. రాత్రివేళ నా ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నదని కనిపెట్టినది నా సహధర్మచారిణి.

వైద్యశాలలో ఒక రాత్రి తలకును ఛాతికిని తీగలు అమర్చి పరీక్షించిరి. నిద్రలో గొంతు కండరములు సడలి శ్వాసమార్గము మూసికొనిపోవుచున్నదని తేలినది. శ్వాస ఆగుట గాని మందగించుట గాని గంటకు 30 సార్లు దాటినచో రోగము తీవ్రమందురు, నాకు 38. ప్రతి పర్యాయము మెదడు ఉలికిపడి మేల్కొనును. కావున ఎంతసేపు పడుకొన్నను విశ్రాంతి శూన్యము. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ ప్రకటించిన పద్ధతియే నేటికిని ముఖ్య చికిత్స: ముక్కుకు తొడుగు అమర్చి, గాలి ఒత్తిడితో ఆ మార్గమును తెరచి ఉంచుట.

భగవన్నామముతో నిదురించువానికి యంత్రమేల అని అభిమానపడితిని. అంతట గీతోపదేశము స్ఫురించినది: అతిగా నిద్రించువానికిని, బొత్తిగా నిద్రింపనివానికిని యోగము సిద్ధింపదు. మితనిద్ర సాధనాంగమైనపుడు, దానిని చెరచు రోగమును మాన్పుకొనుటయు సాధనమే కదా! తెలియక కునుకుట దోషము కాదు. తెలిసియు అభిమానముచే చికిత్స మానుటయే దోషము.

నేడు మంటపమున ఎవరైన కునికినచో నిందింపను. "అయ్యా, రాత్రి సరిగా నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుచున్నాను.