చందా కట్టనివాడి ఫిర్యాదు

మా కడప జిల్లా పల్లెల్లో ఒక పెద్ద అంగడాయన కోపమొచ్చి పేపరు మానేస్తానంటే మరునాడే ఏజెంటు ఇంటికొస్తాడు. వెనకాలే విలేకరి వస్తాడు. ఇది నేను చూసిందే.

కొన్నేళ్ల కిందట ఒక దినపత్రిక జిల్లా పేజీలో దొంగతనం వార్తకు 'ఎరుకల ముఠా' అని శీర్షిక పెట్టింది. మా ఎరుకల కాలనీ పిల్లోడు ఆ కాగితం బడికి తెచ్చి "సార్, ఇది మన గురించేనా?" అన్నాడు. నేను సంపాదకుడికి ఉత్తరం రాసినాను. పట్టుబడినోళ్లు ముగ్గురు, వాళ్ల పేర్లు రాయండి, కులమంతటినీ ఎందుకు బోనెక్కిస్తారు అని. జవాబు లేదు. విలేకరిని అడిగితే, "పోలీసులు చెప్పిందే రాసినాం సార్. అయినా మీ కాలనీలో ఎన్ని పేపర్లు పడతాయి?" అన్నాడు. రెండు పడతాయి. అందులో ఒకటి నాదే.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫిర్యాదు బరువును చందాతో తూచొచ్చా?

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేసి మనోళ్లను పట్టీలో ఎక్కించినారు. 1952లో ఆ చట్టం పోయింది. శీర్షికల్లో మాత్రం ఇంకా బతికే ఉంది.

అందరు సంపాదకులూ ఒకటి కాదు. లండన్‌లో గార్డియన్ 1997లో, మద్రాసులో ది హిందూ 2006లో పాఠకుల ఫిర్యాదులు వినడానికే ఒక ఎడిటర్‌ను పెట్టుకున్నాయి. హిందూలో ఆ పని మొదట చేసినాయన కె. నారాయణన్. తప్పులను పేపర్లోనే ఒప్పుకుని దిద్దేవాళ్లు. మంచి పనే. కానీ అది కూడా పాఠకుడి కోసమే కదా! నల్లమల చెంచుగూడేనికి పేపరు రాదు, గూడెం ఫొటో మాత్రం పేపర్లోకి పోతుంది. నా లెక్కలో సంపాదకుడు మొదట బాకీపడేది ఆ ఫొటోలో ఉన్న మనిషికి. కొన్నవాడికి పేపరు మానే దారన్నా ఉంది.

అట్లని మన ప్రతి ఫిర్యాదుకూ సంపాదకుడు తలొంచాలని నేననను. ఒకసారి మా కాలనీలో జరిగిన బాల్యవివాహం గురించి రాసినారు. పరువు పోయిందని, ఖండిస్తూ ఉత్తరం రాయమని పెద్దలు నా మీదికొచ్చినారు. నేను రాయలేదు. ఆ పిల్ల నా తరగతిదే, వార్త నిజమే. నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు వాళ్లు.

అబద్ధమైనా, అన్యాయమైనా దారి ఉంది. ముందు సంపాదకుడికి రాయాలి. పలకకపోతే పేపరు కత్తిరింపుతో భారత ప్రెస్ కౌన్సిల్‌కు రాయాలి. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపే పంపాలి. కించపరిచేలా కులం పేరు రాయకూడదని ఆ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, అభిశంసించగలదు. కోర తక్కువ పామే అనుకోండి, బుస కొడుతుంది.

నాకు ఈ గడువు సంగతి తెలిసేసరికి రెండు నెలలు దాటిపోయినాయి.

ఆనాటి పిల్లోడు ఇప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాడు. పోయిన నెల ఇంకో పేపరు ముక్క ఫొటో తీసి ఫోనుకు పంపినాడు. కింద ఒకే మాట: "సార్, ఎన్ని రోజుల్లో రాయాల?"