బరువు దించు గడియ

సంక్రాంతి దినములలో మన పడుచువాండ్రు రచ్చబండ దగ్గర రాతిగుండు ఎత్తుట మన చదువరులలో అనేకులు చూచినదే. రష్యా దేశమునందును ఇట్టి గుండొకటి కలదు. అది ఇనుముతో పోతపోసినది. పట్టుకొనుటకు పైన పిడి యుండును. రష్యనులు దానిని గిర్యా అనియు, ఇంగ్లీషువారు కెటిల్‌బెల్ అనియు పిలుతురు. గిర్యా అను మాట 1704వ సంవత్సరపు రష్యా నిఘంటువులోనే కనబడుచున్నది. మొదట అది ఆటవస్తువు కాదు. అంగడిలో ధాన్యము తూచు పడికట్టు. ఒక పూడు అనగా మన లెక్కలో ఇంచుమించు 16 కిలోలు. సంత ముగిసిన పిదప బలవంతులు ఆ పడికట్లనే ఎత్తి పందెములు వేసికొనెడివారు. ధాన్యమును తూచిన ఇనుము ఆ విధముగా మనుష్యులను తూచసాగెను.

శరీర సాధకమువలన ప్రయోజనము కొంచెమే యని పౌలు తిమోతికి వ్రాసిన మాటను పట్టుకొని, ప్రయోజనము బొత్తిగా లేదని చెప్పువారిని మేమెరుగుదుము. కొంచెమనగా సున్న కాదు గదా! రోజంతయు వంగి నాట్లు వేయు తల్లులకును, మిల్లులో బస్తాలు మోయువారికిని కండబలము విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అయితే మేమీ నెల అడుగదలచిన ప్రశ్న వేరు. బలమునే బ్రతుకుగా చేసికొన్నవాడు బరువును ఎప్పుడు దింపవలెను? దింపుమని వానితో చెప్పవలసినవాడెవడు?

గిర్యా పోటీలకు సోవియట్ దేశములో 1985లో ఒక్క తీరు నియమము లేర్పడినవి. మొదటి జాతీయ పోటీ ఆ యేటనే లీపెత్స్క్ నగరములో జరిగెను. నేడు గడువు పది నిమిషములు. పురుషులలో గట్టివారు 32 కిలోల గుండ్లు రెండింటిని రొమ్ము దగ్గరనుండి తలమీదికి ఎత్తుచు, మరల రొమ్ముకు దించుకొనుచు నుందురు. నేలకు ఆనించిరా, ఆట ముగిసినట్లే. మోచేతులు నిటారుగా నిలిచి గుండ్లు కదలక ఆగినప్పుడే న్యాయనిర్ణేత ఒకటి లెక్కించును. తొందరపడి ఎత్తినది ఎంత కష్టపడి ఎత్తినను లెక్కకు రాదు. ఈ ఆటలో మమ్మును ఆశ్చర్యపరచిన సంగతి యొకటి యున్నది. గుండ్లను రొమ్మున ఆనించుకొని రెండు ఊపిరులు తీసికొనుటయే ఆటగానికి విశ్రాంతి. బరువు క్రిందనే విశ్రమించుట నేర్వనివాడు పది నిమిషములు నిలువలేడు. దానిని నేర్పువాడు అనుభవముగల శిక్షకుడు. ప్రక్కన నిలిచి, చేతులకంటె ముందుగా ఆటగాని ఊపిరిని గమనించును. అది తప్పినదని తెలిసిన క్షణమున ఇంకొకటి యనవలెనా, చాలుననవలెనా అని తీర్పు చెప్పవలసినవాడు అతడే.

అట్టి శిక్షకులలో పాతవాడు డాక్టరు వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ. ఆయన 1885లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమందు బరువులెత్తువారి కూటమి నొకదానిని స్థాపించెను. రష్యాలో ఈ సాధనకు ఆయననే తండ్రియందురు. ఆయన వైద్యుడగుటచేత కండను మాత్రమేగాక గుండెకాయను కూడ పరీక్షించి మరీ సాధన చేయించెడివాడు. ఎస్తోనియాలోని తార్తులో 1877లో పుట్టిన జార్జి హాకెన్‌ష్మిట్ అను యువకుడు, గాయపడి చికిత్స పొందుచున్నప్పుడు ఆయన కంటబడెను. 1898లో ఆయన యింటికే వచ్చి బస చేసి సాధన చేసెను. అదే యేట వియన్నాలో మల్లయుద్ధమున గెలిచి, బరువులెత్తుటలో మూడవవాడుగా నిలిచెను. 1904లో లండనులో మద్రాలీ అను మల్లుని ఒక్క నిమిషములోపున పడవేయగా వాని చెయ్యి కీలు తప్పెను.

క్రయెవ్‌స్కీ 1901లోనే చనిపోయెను. మల్లుడు 1908లో చికాగోలో ఫ్రాంక్ గాచ్ అను అమెరికనుతో రెండు గంటలు పోరాడి, ఇక చేతకాదని తానే ఒప్పుకొనెను. మొదట గెలిచినవానిని పొగడెను. తరువాత, వాడు అన్యాయముగా పోరాడెనని నిందించెను. ఏది నిజమైనను, ఓడినవాడు ఒక్క మాటమీద నిలువలేకపోవుట మనకు తెలియని బలహీనత కాదు. 1911లో మరల అదే నగరమున, అదే ప్రత్యర్థితో, గాయపడిన మోకాలితోనే దిగెను, త్వరలోనే ఓడెను. వేలమంది చూడవచ్చిరి. ఆ ఉదయమున ఆ మోకాలిని ముట్టిచూచి, నాయనా వద్దు అని చెప్పు పాత వైద్యుడుండినయెడల ఏమగునా యని మేమనుకొనుచుందుము. చెప్పినను వినియుండునో లేదో!

ఇతరుల సంగతి వ్రాయుట సులభము. చాల ఏండ్లక్రింద ఒక గ్రామమున పండుగనాడు మేము పెద్దలతో కూడ రచ్చబండ మీద కూర్చుండియుంటిమి. ఒక పడుచువాడు గుండును రెండుసార్లు భుజమునకెత్తి పడవేసెను. మూడవసారి వాని కాళ్లు వణకుట మేము చూచితిమి. చూచియు, అందరితోపాటు చప్పట్లు కొట్టి, ఇంకొక్కసారి అని కేక వేసితిమి. వాడు ఎత్తలేకపోయెను, నడుము పట్టివేసెను. ఆ కోతకాలమంతయు మంచముననే యుండెను. వాని తల్లి ఒక్కతే చేనికి పోయెను. తప్పు వానిదనుటకు మాకు నోరు రాలేదు, మాదనుటకును రాలేదు.

గిర్యా పోటీలలో వయస్సు మీరినవారికి తక్కువ బరువు గుండ్లతో వేరు తరగతులు గలవు. నిన్న 32 కిలోలు ఎత్తినవాడు, తాను నేర్పిన కుఱ్ఱవాండ్రు చూచుచుండగా 24 కిలోల గుండు ముందర నిలుచుట చిన్న సంగతి కాదు. ఇనుములో ఎనిమిది కిలోలే తగ్గినను, మనస్సులో తగ్గవలసినది అంతకు మించియుండును. పాత బరువునే పట్టుకొని వ్రేలాడువాడు ధైర్యవంతుడా, తనతో తానే తప్పుడు తూకము తూచుకొనుచున్నవాడా? మేమైతే రెండవదే అందుము. కాని ఆ గుండు ముందర నిలిచినవారము కాము.

హాకెన్‌ష్మిట్ ఓటమి తరువాత మల్లరంగమును విడిచి, తత్త్వశాస్త్రము చదివి, మనుష్యుని దేహమును మనస్సును గూర్చి గ్రంథములు వ్రాసెను. 1968లో లండనులో తొంబది యేండ్ల వయస్సున మరణించెను. వ్యాయామమును మాత్రము విడువలేదు.

ఆ పడుచువాడు ఇప్పుడు మనుమలుగలవాడు. నిరుడు వాని యింటికి పోయి, ఆనాటి కేక మాదే యని ఒప్పుకొంటిమి. వాడు నవ్వి, "అయ్యగారూ, ఆ రోజు మీరు చాల్లేరా అన్నా నేను వినేవాణ్ణి కాదండి" అనెను. అది నిజమో, మామీది దయయో మాకు తెలియలేదు.