కవరు మూసేముందు

ఒరే అల్లుడూ, ఇంజను మొత్తం విప్పి కడిగి, లైనరూ రింగులూ కొత్తవి వేశావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. పాత కిర్లోస్కర్ ఏవీ-1, 5 గుర్రాలది, 80 మి.మీ. బోరు, 110 మి.మీ. స్ట్రోకు. పని నేర్చుకునేవాడికి అంతకంటే మంచి ఇంజను దొరకదు. ఉన్నది ఒకటే సిలిండరు, రెండే వాల్వులు. తప్పు జరిగితే దాక్కోడానికి దానికి చోటే లేదు.

ఇక క్యాం షాఫ్టు ఎక్కించాలి కదా, అక్కడ తొందరపడకు నాయనా. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాం ఒక్క చుట్టు తిరుగుతుంది. రెండు గేర్ల మీదా పంచితో కొట్టిన చుక్కలుంటాయి, వాటిని కలిపే బిగిస్తాం. ఎవర్నడిగినా అదే చెబుతారు, అబద్ధం కాదు. కానీ నీ ఇంజను ఇప్పటికే నాలుగు చేతులు మారింది. మధ్యలో ఎవరో బజారు గేరు వేసి ఉండొచ్చు, సొంతంగా చుక్క కొట్టి ఉండొచ్చు, కీ గాడి అరిగి ఉండొచ్చు. చుక్కలు కలుపు, కాదన్లేదు. కలిపాక అవి చెప్పేది నిజమో కాదో పిస్టన్‌ దగ్గర తేల్చుకో.

ముందు అసలు టాప్ సెంటరు ఎక్కడో పట్టాలి. పిస్టన్ పైకొచ్చాక క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు. కంటితో చూసి ‘ఇదే టాప్’ అని గీత పెట్టేవాళ్లను నేను నమ్మను. హెడ్డు ఎక్కించకముందే వెర్నియరు తోకతో కొలువు. పిస్టన్ పైకెక్కుతూ బ్లాకు అంచుకు 5 మి.మీ. కింద ఉన్నప్పుడు ఫ్లైవీలు మీద ఒక గీత పెట్టు. అటువైపే తిప్పుతూ, అది దిగుతూ మళ్లీ 5 మి.మీ. దగ్గరకు వచ్చినప్పుడు ఇంకో గీత. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే టాప్. తర్వాత ఫ్లైవీలు చుట్టూ టేపు పెట్టి కొలిచి 360తో భాగించు. చుట్టుకొలత 1440 మి.మీ. వచ్చిందనుకో, డిగ్రీకి 4 మి.మీ.

ఈ ఇంజనుకు కంపెనీ లెక్క ఇది. ఇన్‌లెట్ వాల్వు టాప్‌కు 4.5 డిగ్రీల ముందు తెరుచుకుని, బాటమ్ దాటాక 35.5 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్టు బాటమ్‌కు 35.5 ముందు తెరుచుకుని, టాప్ దాటాక 4.5కు మూసుకుంటుంది. చూశావా, ఇటెంతో అటంతే. అందుకే ఎగ్జాస్టు స్ట్రోకు ముగిసి పిస్టన్ టాప్‌లో ఉన్నప్పుడు రెండు వాల్వులూ రవ్వంత, ఇంచుమించు సమానంగా తెరుచుకుని ఉండాలి. ఒకటి బాగా లేచి ఇంకోటి పూర్తిగా కూర్చుందంటే పన్ను తప్పినట్టే.

హెడ్డు ఎక్కించాక ఇది చూడబోయే ముందు టాపెట్ గ్యాపు కంపెనీ చెప్పినంతకు పెట్టు. గ్యాపు మారితే వాల్వు తెరుచుకునే డిగ్రీ కూడా మారిపోతుంది. ఇంజెక్టరు తీసెయ్యి, చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. డీకంప్రెషన్ లివరు దించే ఉంచు, లేకపోతే అది ఎగ్జాస్టు వాల్వును ఎత్తి పట్టుకుని నీకు దొంగలెక్క చూపిస్తుంది. పుష్ రాడ్డును రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ ఉండు. అది బిగిసిన క్షణమే వాల్వు కదలడం మొదలైనట్టు. ఇంజను నడిచే దిశలోనే తిప్పు. గీత దాటిపోతే కొంచెం వెనక్కి లాగి సర్దుకోకు. గేరు పళ్ల మధ్య లూజు ఉంటుంది, అది కొలతలో చేరిపోతుంది. చాలా వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు రా.

ఒక్క పన్నేగా అనుకోకు. క్రాంకు గేరుకు 30 పళ్లుంటే ఒక పన్ను 12 డిగ్రీలు. పైగా ఇందులో డీజిలు పంపును కొట్టేది కూడా ఆ క్యాం షాఫ్టే. టాప్‌కు 23 డిగ్రీల ముందు పడాల్సిన డీజిలు, క్యాం వెనకబడితే 11కు పడుతుంది. స్టార్టు కాక ఏడిపిస్తుంది, తెల్లపొగ కక్కుతుంది, లోడు లాగదు. ముందుకు జరిగితే 35కు పడుతుంది. అప్పుడు సుత్తి పెట్టి కొట్టినట్టు మోత, హ్యాండిలు ఎదురు తన్నిందంటే మణికట్టు పోతుంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. పొగ చూడగానే నాజిలు మారుస్తారు. తగ్గకపోతే పంపు కింద షిమ్ములు మారుస్తారు. డీజిలు టైముకు పడుతుంది, పొగ తగ్గుతుంది, రైతు డబ్బులిచ్చి పంపేస్తాడు. వాల్వులు మాత్రం ఆ 12 డిగ్రీలు తప్పే ఉంటాయి. ఇన్‌లెట్ 47.5 దాకా మూసుకోదు, పీల్చిన గాలిలో కొంత పిస్టన్ తిరిగి బయటికి నెట్టేస్తుంది. పంటకాలంలో నీళ్లు తోడుతుంటే ఇంజను వేడెక్కి, డీజిలు తాగుతూ, సగం బలంతో గుంజుతుంటుంది. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తావు? అందుకే వాల్వులు సరిచూసుకోనిదే పంపు జోలికి వెళ్లకు.

అంతా కుదిరాక కూడా చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. ఎక్కడన్నా గట్టిగా తగిలితే బలం పెట్టకు. పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య సందు చాలా సన్నం, వాల్వు తగిలితే పుష్ రాడ్డు వంగుతుంది.

టైమింగు కవరు బిగించే ముందు ఫోను చెయ్యరా, చల్లపూట వస్తాను. ఫీలరు గేజి మాత్రం నువ్వే కొనుక్కో. నాది మీ అత్తయ్య అడిగినా ఇవ్వను.