బీరువా తాళం ఎవరి చేతిలో?

బడి లైబ్రరీలో మాయలూ మంత్రాలూ వున్న పుస్తకాలు పిల్లలు చదవొచ్చా? ఈ ప్రశ్న ఎత్తితే చాలామంది మిత్రులు నవ్వుతారు. భూమి లేనోడికి, కూలి చాలనోడికి, దాడి కేసుల్లో న్యాయం దొరకనోడికి యిదొక సమస్యా అంటారు. సమస్యే. పుస్తకం మన చేతికి ఊరికే రాలేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం కాచి పొయ్యమని ధర్మసూత్రం రాసుకున్న దేశం యిది. శూద్రుడికే ఆ శిక్షయితే, ఊరి బయట వుంచిన మా సంగతి చెప్పేదేముంది! అందుకే "నువ్విది చదవకూడదు" అని ఎవరన్నా, ఏ దేవుడి పేరు చెప్పి అన్నా, ఆ మాటని మనం పట్టించుకోవాలి.

నాకు ఆ మాట మొదట చెప్పింది అగ్రహారపోళ్లు కాదు. మావాడే చెప్పాడు.

నేను పల్నాడులో ఒక మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. అక్కడ ఒక చెక్క బీరువా వుండేది. అందులో బైబిలు కథలు, పాత సువార్త పత్రికలు, అడుగున ఎవరో దానమిచ్చిన చందమామల కట్ట. 'రాకాసిలోయ', 'ముగ్గురు మాంత్రికులు' సీరియళ్లు ముక్కలు ముక్కలుగా దొరికేవి. తర్వాతి నెల సంచిక లేకపోతే మిగతా కథ మేమే అల్లుకునేవాళ్లం. మాలపల్లె పిల్లలం, ఊరిబావి దగ్గరికి పోలేనివాళ్లం, ఏడు సముద్రాలు దాటి పోయొచ్చేవాళ్లం.

ఒకరోజు వార్డెనుగారు ఆ కట్ట బయటికి లాగాడు. "ఇయ్యన్నీ సైతాను కతలు. ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదో అధ్యాయం తీసి చూడండి. మంత్రగాళ్లంటే దేవుడికి హేయం" అన్నాడు. మాలో ఒకడు ధైర్యం చేసి "బిలాము గాడిద మాట్లాడింది గదయ్యగారూ?" అనడిగాడు. "అది దేవుడు మాట్లాడించాడ్రా" అన్నాడాయన. చర్చ అయిపోయింది. కట్ట వంటపొయ్యిలోకి పోయింది. ఆ పూట మా అన్నం దానిమీదే వుడికింది.

సెలవలకి ఇంటికొచ్చి మాయమ్మతో చెప్పుకుని ఏడిస్తే ఆమె ఆయన పక్షమే మాట్లాడింది. "మంచిపని చేశాడు. మంత్రమనే మాట మనింట్లో వద్దు నాయనా" అంది. అప్పుడే మా పెద్దమ్మ సంగతి చెప్పింది. ఊళ్లో ఒక ఆసామి కొడుక్కి జబ్బు చేసింది. మా పెద్దమ్మ చేతబడి చేసిందన్నారు. చెట్టుకు కట్టేసి రాయితో పళ్లు రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదంట! ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ గంజి తాగే బతికింది. మా పల్లె ప్రభువుని నమ్ముకుంది ఒక్క పరలోకం కోసమే కాదు. "మేం ఏసుబిడ్డలం, మాకాడ మంత్రాల్లేవు" అని ఊరికి చెప్పుకోడానికి కూడా.

కాబట్టి ఆ అభ్యంతరాన్ని మూఢత్వం అని కొట్టిపారెయ్యలేను. అమెరికాలో హ్యారీ పోటర్ పుస్తకాల మీద గొడవ జరిగింది. 2001లో న్యూ మెక్సికోలో ఒక చర్చివాళ్లు వాటిని తగలబెట్టారు. ఆర్కన్సాలోని సీడర్‌విల్‌లో బడి బోర్డు ఆ పుస్తకాలు లైబ్రరీలో తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. 2003లో ఫెడరల్ కోర్టు వాటిని మళ్లీ అందరికీ అందేచోట పెట్టమంది. అక్కడ అభ్యంతరం చెప్పినవాళ్లకి బోర్డులో ఓటుంది. మా అమ్మకి బోర్డు లేదు, ఓటు లేదు. ఉన్నదల్లా అక్క రాలిన పళ్లు. రెండు భయాలూ ఒకటి కావు. దెబ్బతిన్న మనిషి భయానికి విలువుంది. మరి ఆ భయానికి పుస్తకాన్ని కాల్చే హక్కు వుందా?

లేదు అంటాను. మా పెద్దమ్మ పళ్లు రాలగొట్టినవాళ్లు చందమామ చదివి ఆ పని చెయ్యలేదు. చేతబడి చేసిందన్నవాడు "ఇది నిజం" అంటాడు. కథ చెప్పేవాడు "అనగనగా" అంటాడు. ఆ ఒక్కమాటతో యిది లోకంలో జరిగింది కాదని ముందే ఒప్పుకుంటాడు. ఏళ్ల తరబడి చందమామని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. మంత్రగాళ్లున్నారని నమ్మి ఆయన ఆ కథలు వెయ్యలేదు. కథని కథగా చదవడం నేర్చిన పిల్లవాడు, రేపు ఎవరో ఒక ముసలిదాన్ని చూపించి మంత్రగత్తె అంటే, రుజువేందని అడుగుతాడు. ఆ నిందని చట్టంతో ఎదుర్కోవాలి. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో అందుకు చట్టాలు చేశాయి. పుస్తకం కాలిస్తే నింద వేసేవాడికి ఏమీ కాదు.

నిజానికి ఆ కథల్ని అడగాల్సిన ప్రశ్న వార్డెనుగారు అడగనే లేదు. రాక్షసుడు ఎందుకు నల్లగా వుంటాడు? అడవిలో వుండేవాడికే కోరలెందుకు? రాజ్యం ఎప్పుడూ రాజకుమారుడికే ఎందుకొస్తుంది, చెప్పులు కుట్టేవాడి కొడుక్కి ఎందుకు రాదు? మంత్రం వుందా లేదా అన్నదానికంటే యిది పెద్ద ప్రశ్న. కానీ పుస్తకం పొయ్యిలో పడితే యీ ప్రశ్న అడగడం కుదరదు. బొమ్మ ఎదురుగా వుంటేనే గదా దాన్ని నిలదీసేది!

ఇక్కడ విద్యార్థి మిత్రులు ఒక మాట అడుగుతారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టలేదా అని. తగలబెట్టారు. అది మనుషుల్ని శాసించిన చట్టం. ఆ చట్టం కింద నలిగినవాళ్లు నలుగురి ముందు, కారణం చెప్పి చేసిన ధిక్కారం అది. పిల్లవాడికి తెలియకుండా బీరువా ఖాళీ చెయ్యడం కాదు. పైగా అంబేద్కర్ మనువుని చదవొద్దు అనలేదు. ఆయన రచనల్లో మనువుని శ్లోకం శ్లోకం విప్పి చూపించాడు. శత్రువు పుస్తకాన్ని కూడా తన లైబ్రరీలో పెట్టుకుని చదివినవాడాయన.

మత మనోభావాలు దెబ్బతిన్నాయంటే పుస్తకం తీసెయ్యాలని మనం ఒప్పుకుంటే, ఆ కత్తి ముందు ఎవరి మెడ మీదికొస్తుంది? 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అంబేద్కర్ 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' అచ్చేస్తే, రాముడి మీదా కృష్ణుడి మీదా వున్న భాగం తీసెయ్యమని గొడవ చేశారు. 1988లో దళితులు బొంబాయి వీధుల్లోకొచ్చి ఆ పుస్తకాన్ని నిలబెట్టుకున్నారు. 2021లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు సిలబస్ నుంచి బామ, సుకీర్తరాణి రచనల్ని తీసేసింది. అమెరికాలో ఐలండ్ ట్రీస్ బడి బోర్డు 1970లలో తీయించిన పుస్తకాల్లో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ ఆత్మకథ కూడా వుంది. అవి క్రైస్తవ వ్యతిరేకమన్నది బోర్డు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ కేసు 1982లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మంత్రాల పుస్తకానికి వేసిన తాళం అక్కడే ఆగదు. అది మన బతుకు పుస్తకం దాకా వస్తుంది.

మనకీ ఒక గొప్ప కల్పన వుంది. మన పల్నాడు వాడే జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి పోలేని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. గబ్బిలం కబురు మోస్తుందా? మొయ్యదు. శివుడికి మొరపెట్టడం తప్పని ఒక మతంవాడు, అంటరానివాడు శివుణ్ణి నిలదియ్యడం తప్పని యింకో మతంవాడు దాన్ని బీరువాలోంచి తియ్యొచ్చు. అప్పుడు మనకేం మిగుల్తుంది? తలుపులు మూసిన లోకంలో తలుపు లేని దారి వెతుక్కోడానికి మనవాడికి కల్పన పనికొచ్చింది. మన పిల్లలకీ అది కావాలి.

తల్లి తన బిడ్డకి "ఇది వద్దు" అని చెప్పుకోవచ్చు. కారణం కూడా చెప్పాలి. మా అమ్మ చెప్పింది. పొయ్యికంటే ఆ కారణమే నాకు ఎక్కువ నేర్పింది. కానీ ఒక తల్లి భయం, ఒక అయ్యగారి వాక్యం, ఒక స్వామి శాపం మొత్తం హాస్టలుకి తాళం కాకూడదు. సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈసారి సంక్షేమ హాస్టలుకి పోయినప్పుడు అన్నం ఎట్లా వుందని అడిగినట్టే, బీరువా తెరిపించండి. చందమామ, బైబిలు, అంబేద్కర్, జాషువా ఒకే అరలో వున్నాయో లేదో చూడండి. ఎవరికైనా అభ్యంతరముంటే కాగితం మీద రాసిమ్మనండి, పిల్లల ముందే చదివి మాట్లాడండి. పుస్తకాన్ని మాత్రం అరలోనే వుంచండి.