సానరాయికి పీట

కఠోపనిషత్తు పరమార్థ మార్గాన్ని మంగలికత్తి వాదరతో పోల్చింది. ఆ పోలిక ఎరగని వేదాంతి ఉండడు. ఆ వాదర పుట్టడానికి సానరాయి కావాలనీ, రాయి కదలకుండా కూర్చోవడానికి దానికో పీట కావాలనీ ప్రవచనాల్లో ఎక్కడా వినబడదు. వడ్రంగి కొట్టంలో మాత్రం ముందు ఆలోచించేది దాని గురించే. జారే రాయి మీద ఉలిని ఒకే వాలులో పట్టి ఉంచడం ఎవరి తరమూ కాదు. వాలు మారితే అంచు గుండ్రబడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. పీటలో గుంట తొలవాలంటే పదునైన ఉలి కావాలి. ఉలికి పదును రావాలంటే కదలని రాయి కావాలి. రాయి కదలకూడదంటే పీట ఉండాలి. రెండింటి మధ్య అయితే తార్కికులు అన్యోన్యాశ్రయం అనేవారు. మూడు చేరాయి కనుక ఇది చక్రకం. మనసు శుద్ధి కానిదే ధ్యానం కుదరదు, ధ్యానం చేయనిదే శుద్ధి రాదు అని తల పట్టుకునే సాధకుడిదీ ఈ బాధే. తార్కికుడు ఆగిపోయే చోట వడ్రంగి ఆగడు. తడి గోనె మీద రాయిని పరిచి, ఏదో ఒక పాటి పదును తెచ్చుకుని, దానితోనే పీట చేసుకుంటాడు. తరువాత ఆ పీట మీద అదే ఉలిని మళ్ళీ నూరతాడు. నామజపంతో మొదలుపెట్టమన్న పెద్దలు ఆ తడి గోనెనే చూపించారని నాకనిపిస్తుంది.

బజారులో దొరికే కార్బొరండం రాయి తరచుగా 8 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉంటుంది; ఒక ముఖం గరుకు, రెండోది నునుపు. ఎండిన టేకు చెక్క మీద దాన్ని బోర్లించి చుట్టూ గీత గీసి, మందంలో మూడో వంతు దిగేలా గుంట తొలిస్తే చాలు. అడుగున ఒక్క బొడిపె మిగిలినా రాయి ఊగుతుంది. పనంతా అయ్యాక ఎవరి కంటా పడనిది ఆ అడుగే.

గుంటను రాయికి మరీ బిగుతుగా తొలిచినవాడికి ఎండాకాలం బుద్ధి చెబుతుంది. చెక్క నార పొడవునా దాదాపు మారదు; అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. రాయి లొంగదు కనుక చెక్కే చీలుతుంది. అందుకే పక్కల కాస్త సందు వదిలి, ఒక కొసన వాలుగా చెక్కిన ముక్కతో బిగిస్తారు. రెండో ముఖం తిప్పుకోవాలి కాబట్టి జిగురు పనికిరాదు. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్న పతంజలి, సాధనపాదం 47వ సూత్రంలో వెంటనే ప్రయత్నాన్ని సడలించమన్నాడు. ఆ సడలింపును సోమరితనమనుకుంటారు కొందరు. అది గుంటలో తెలిసి వదిలిన సందు. నియమాలను ఊపిరాడనంతగా బిగించుకున్న ఇళ్ళు తొలి ఎండకే చీలడం చూస్తూనే ఉన్నాం.

ఇక గట్టు ఎత్తు. మరీ ఎత్తూ మరీ పల్లమూ కాని ఆసనం వేసుకోమంటుంది గీత ఆరో అధ్యాయం. పీట గట్టు రాయి కంటే కిందనే ఆగాలి. పైకి లేస్తే ఉలి చెక్కనే రాసుకుంటుంది. చేయి ఆడుతుంది, చప్పుడూ వస్తుంది, పదును మాత్రం రాదు. మడి, తిథి, నైవేద్యం ఇవన్నీ గట్టే. అవి లేకపోతే రాయి జారుతుంది, కాదనను.

అయితే రాయి అరుగుతుంది. నిత్యం నడుమనే రుద్దితే అక్కడ పల్లం పడుతుంది, చదును చేస్తే ఇంకా పలచబడుతుంది. చేసిననాడు సరిపోయిన గట్టు కొన్నేళ్ళకు ఎత్తైపోతుంది, తాను పిసరంత పెరగకుండానే. అప్పుడు రాయి అడుగున పలుచని చెక్క పెట్టి పైకి లేపవచ్చు, లేదా గట్టునే చిత్రిక పట్టి దించవచ్చు. భాష్యకారులు చాలావరకు మొదటి పని చేశారు. వేమన రెండోదానికి దిగాడు. నా మొగ్గు వేమన వైపే. కాకపోతే చిత్రిక బ్లేడుకూ పదును కావాలి, దాన్నీ ఆ రాయి మీదే నూరుకోవాలి.