పనికి మూల్యము, పేరునకు మూల్యము

మనుజుడు ఒక వస్తువునకు చెల్లించు వెలలో రెండు పాళ్ళు కలవు. మొదటి పాలు ఆ వస్తువును చేసిన చేతుల శ్రమకును, అందు వాడిన పదార్థమునకును, దాని వెనుకనున్న ఆలోచనకును చెందును. రెండవ పాలు దానిపై నున్న పేరునకు చెందును. ఉప్పు, చింతపండు కొనునప్పుడు ఈ రెండవ పాలు అంతగా కనబడదు. పట్టుచీర కొనునప్పుడు కొంత కనబడును. కారు కొనునప్పుడు, అందును పేరుమోసిన విలాస సంస్థ చేసిన కార్లలో అన్నిటికంటె తక్కువ వెల గలదానిని కొనునప్పుడు, అది మిక్కిలి స్పష్టముగా కనబడును.

ఏలయన, ఐశ్వర్యవంతుడు పేరునకెంత చెల్లించుచున్నాడో లెక్క చూచుకొనడు. సామాన్యుడు ఆ పేరు జోలికే పోడు. ఈ యిరువురి నడుమ నిలిచినవాడు మాత్రము తన జీతము నుండియు, తెచ్చిన అప్పు నుండియు, పిల్లల చదువులకై దాచిన సొమ్ము నుండియు ఆ పేరునకు చెల్లింపవలసి వచ్చును. కావున అట్టివాని అనుభవము ఒక్క కారును గూర్చినది మాత్రమే కాదు. కోరిక యనునది ఎచ్చట న్యాయమైనది, ఎచ్చట మోసపోవునది అను ప్రశ్నకు అది ఒక దృష్టాంతము.

వ్యాపారస్థులు ఇట్టి వాహనమును 'ఎంట్రీ లెవెల్ లగ్జరీ సెడాన్' అందురు. విలాసమునకు ప్రవేశద్వారమని దాని భావము. చిక్కంతయు ఆ పేరులోనే యున్నది. ద్వారము ఇల్లు కాదు. గడపలో నిలిచినవాని చూపు లోపలి గదుల మీదనే యుండును.

ఈ ద్వారమును తెరచిన చరిత్రలో రెండు కార్ల కథ విచారింపదగినది. 1973లోను, 1979లోను చమురు ధరలు మిన్నంటినవి. ఒక సంస్థ అమ్ము కార్లన్నింటి సగటు ఇంధన వినియోగము నిర్ణీతమైన హద్దును దాటరాదని అమెరికాలో 1975లో చట్టము వచ్చినది. పెద్ద కార్లకే ప్రసిద్ధినొందిన సంస్థలు సైతము చిన్న కార్ల మాట తలపెట్టవలసి వచ్చినది. ఇంచుమించు ఒకే కాలమున అమెరికాలోని కాడిలాక్, జర్మనీలోని మెర్సిడెస్-బెంజ్ ఈ పనికి పూనుకొన్నవి. పూనుకొన్న విధములు మాత్రము వేరు.

కాడిలాక్ సంస్థ 1981లో, 1982వ సంవత్సరపు మోడల్‌గా, సిమరాన్ అను కారును విడుదల చేసినది. దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్ ఒకే చట్రముపై ఐదు పేర్లతో ఐదు కార్లను చేయుచుండెను. వానిలో చౌకగా దొరకునది షెవ్రొలె కవలియర్. సిమరాన్ దానికి తోబుట్టువు. 88 అశ్వశక్తి గల అదే నాలుగు సిలిండర్ల ఇంజను, ఇంచుమించు అదే దేహము. తోలు సీట్లు, అల్యూమినియము చక్రములు, ఎయిర్ కండిషనర్, కాడిలాక్ ముద్ర చేర్చబడినవి. వెల 12 వేల డాలర్లకు కొంచెము పైన. కవలియర్ దానికంటె ఎన్నో వేల డాలర్లు తక్కువకే దొరకుచుండెను.

దానిని కొన్నవారికి కలిగిన అనుభవము ఊహింపరానిది కాదు. తోలు వాసన తగ్గిన పిదప పొరుగింటి ముందు నిలిచిన కవలియర్ కంటబడును. తలుపు అదే, ఎత్తు మీద ఆయాసపడు ఇంజను అదే. మొదటి సంవత్సరము సుమారు 26 వేల సిమరాన్‌లు అమ్ముడుపోయినవి. సంస్థ తరువాత ఇంజనును మార్చినది, ముఖమును దిద్దినది. అయినను 1988లో అమ్మకము ఆరున్నర వేలకు దిగి, ఆ కారు అంతటితో నిలిచిపోయినది.

మెర్సిడెస్-బెంజ్ 1982 డిసెంబరులో 190 అను చిన్న కారును లోకమునకు చూపినది. దానిని కొందరు 'బేబీ బెంజ్' అని హాస్యమాడిరి. అందు తోలు సీట్ల ఆడంబరము లేదు. సాధారణపు 190లో గుడ్డ సీట్లే. కిటికీ అద్దములను చేతితో త్రిప్పుకొనవలసి యుండెను. వెనుక సీటు ఇరుకని కొన్నవారును, పరీక్షించినవారును ఒక్క గొంతుతో చెప్పిరి. అయినను కంటికి కనబడని చోట సంస్థ పిసినారితనము చూపలేదు. వెనుకనున్న ఒక్కొక్క చక్రమును ఐదేసి కడ్డీలతో నిలుపు క్రొత్త అమరికను ఈ చిన్న కారు కొరకే సాధించి, తరువాత పెద్ద కార్లకు వాడుకొన్నది. అనగా చిన్నదానికై చేసిన పని పెద్దవానికి చేరినది, పెద్దవాని పేరు మాత్రమే చిన్నదానికి దిగి రాలేదు. 1993 వరకు సుమారు 18 లక్షల 80 వేల కార్లు వెలువడినవి. మూడు, నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగినవి అరుదు కావు. నేటికిని వానిని శ్రద్ధగా నడుపుకొనువారు పెక్కుదేశములలో కలరు.

ఈ రెంటిని పోల్చినచో ఒక సంగతి తేటపడును. పేరనునది గాలిలో పుట్టినది కాదు. పూర్వమెందరో పనివారు నిజాయితీగా చేసిన పని మెల్లమెల్లగా కూడబెట్టిన నిల్వయే పేరు. ఆ నిల్వకు మరికొంత పని చేర్చి అమ్మువాడు వర్తకుడు. పని చేర్చక నిల్వనే చిల్లరగా మార్చి అమ్మువాడు తాతల సొత్తు కరిగించువాని వంటివాడు. కొనువాడు రెండు చోట్లను ఒకే విధముగా పైకము చెల్లించును, కాని ఒక చోట పనికి, మరియొక చోట జ్ఞాపకమునకు.

అయినచో మంచి పనితనము గల కారును కొన్నవాడు సుఖపడినట్లేనా? ఇచ్చట మరియొక చిక్కు కలదు. మిషిగాన్ విశ్వవిద్యాలయమున పనిచేసిన నార్బర్ట్ ష్వార్జ్, జింగ్ షూ మున్నగు మనస్తత్త్వ పరిశోధకులు కారు గలవారిని రెండు విధములుగా ప్రశ్నించిరి. కారు నడుపునప్పుడు సాధారణముగా ఎట్లుండునని అడిగినప్పుడు, ఖరీదైన కారు గలవారు ఎక్కువ సంతోషమును చెప్పిరి. ఇటీవల చేసిన ఫలానా ప్రయాణమున ఎట్లుండెనని అడిగినప్పుడు మాత్రము కారు వెలకును, ఆనాటి సంతోషమునకును సంబంధము కనబడలేదు. కారణము సులభమైనది. మొదటి ప్రశ్న వినగానే యజమాని తన కారును తలచుకొనును. నిజముగా ప్రయాణించునప్పుడు ఆతని మనస్సు ఎదుటి లారీ మీదను, కార్యాలయపు పని మీదను, ఇంటి చింతల మీదను ఉండును. కారు ఆతని తలపులోనే యుండదు.

దీనిని బట్టి పనితనమునకును, పేరునకును ఉన్న భేదము మరింత లోతుగా తెలియును. మంచి పనితనము తన్ను తాను మరపించును. బ్రేకు సరిగా పట్టినప్పుడు బ్రేకున్నదను ఊహయే రాదు. సీటు సరియైనచో నడుము నొప్పి రాదు, రానిదానిని ఎవరును తలచుకొనరు. పేరు మాత్రము తలచుకొన్నంతసేపే యుండును, దానిని తలపించుటకు ఇతరుల కన్నులు కావలెను. మొదటి నెలలో వీధివారు చూతురు, బంధువులు అడుగుదురు. ఆరవ నెలకు ఎవరును అడుగరు. అప్పుడు యజమానియే అద్దములో తన్ను తాను చూచుకొనవలెను.

ఈ కాలమున ఆ ద్వారము మరింత వెడల్పుగా తెరువబడినది. 2013లో మెర్సిడెస్-బెంజ్ సీఎల్ఏ అను సెడాన్‌ను అమెరికాలో 30 వేల డాలర్లకు కొంచెము తక్కువ ప్రారంభపు వెలకు విడుదల చేసినది. భారతదేశమునకు ఆడి ఏ3 సెడాన్ 2014లోను, సీఎల్ఏ 2015లోను వచ్చినవి. 2021లో వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ లిమోసిన్ ప్రారంభపు షోరూమ్ ధర 39 లక్షల 90 వేల రూపాయలు. దానిపై జీవితకాలపు పన్ను, బీమా చేరును.

ఇట్టి కార్లు గలవారు చెప్పుకొను మాటలలో సంతోషము లేకపోలేదు. రహదారిపై స్థిరత్వము, తలుపు మూసినప్పటి నిశ్శబ్దము, ఇంజను చురుకుదనము నిజమైన గుణములు. వానితో పాటు ఇతర సంగతులును వినవచ్చును. పలుచని అంచు గల టైరు గుంతలో పడి పగులును. కొన్నింటిలో అదనపు చక్రము పెట్టుటకు చోటే యుండదు. ఎత్తైన స్పీడు బ్రేకరు ఎదురైనప్పుడెల్ల అడుగుభాగము తగులునేమోనని గుండె ఝల్లుమనును. వారంటీ ముగిసిన పిమ్మట వచ్చు మరమ్మతు బిల్లు కారు ప్రారంభపు వెలను చూడదు, సంస్థ పేరును చూచును. తిరిగి అమ్మబోయినచో సగము వెలయైనను వచ్చునో రాదో యను బెంగ. వీనికన్నిటికిని మించినది మరియొకటి కలదు. సర్వీసు కొరకు పోయినప్పుడు అదే ముద్ర గల పెద్ద కారు ప్రక్కనే నిలిచియుండును. ఇంట నున్నప్పుడు ఎక్కువగా తోచినది అచ్చట తక్కువగా తోచును. తొలిమెట్టు ఎక్కినవానికి కాలి క్రింది మెట్టు కనబడదు, పై మెట్టే కనబడును.

ఆర్థికవేత్త ఫ్రెడ్ హిర్ష్ 1976లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కును విశదపరచెను. కొన్ని వస్తువుల విలువ అవి అందరికిని లేకపోవుటయందే యుండును. అట్టివానిని అందరికిని పంచబూనినచో పంచుటలోనే అవి కరిగిపోవును. పనితనము స్వభావము దీనికి విరుద్ధము. చక్రములు జారకుండ బ్రేకు పట్టు ఏబీఎస్ అమరిక 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ వంటి సంపన్నుల వాహనములో ప్రవేశించినది. 2019 నుండి భారతదేశమున అమ్ము క్రొత్త కార్లన్నింటికిని చట్టము దానిని తప్పనిసరి చేసినది. నేడు హైదరాబాదులో చిన్న కారు కొన్న గుమాస్తా కుటుంబమును సైతము అది కాపాడుచున్నది. దాని వలన ఎస్-క్లాస్ గలవాని బ్రేకునకు కలిగిన లోటు ఏమియు లేదు. పనితనము పంచిన కొలది పెరుగును, పేరు పంచిన కొలది తరుగును.

పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో నులియ చందయ్య యొకడు. గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మి, వచ్చిన దానితో దాసోహము సాగించినవాడు. ఒకప్పుడు ఆతని త్రాటికి తగిన వెలకు మించిన పైకము వచ్చినదనియు, అమ్మి తెచ్చినది సాక్షాత్తు ఆతని లింగమూర్తియే అయినను ఆతడు దానిని అంగీకరింపలేదనియు శరణుల కథలు చెప్పుచున్నవి. ఆ అధికము త్రాటికి వచ్చినది కాదు, తెచ్చినవాని మహిమకు వచ్చినది. చందయ్య పేనినది త్రాడు. కనుక ఆతనికి రావలసినది త్రాటి వెల. దైవనామమైనను కాయకమునకు మించిన మూల్యమును తేరాదని ఆ కథ భావము. వర్తక సంస్థ పేరు విషయమున వేరుగ చెప్పవలెనా?

ఈ న్యాయము అమ్మువానికే కాదు, కొనువానికిని వర్తించును. కొనువాడు చెల్లించు పైకము ఆతని కాయకమే. నెలనెల కట్టు వాయిదా అనగా నెలలో కొన్ని దినముల చెమట. ఆ దినములు మంచి పనికి మారకముగా పోయినచో ఒకరి శ్రమ మరియొకరి శ్రమను గౌరవించినట్లగును. ఇతరుల చూపు కొనుటకు పోయినచో ఆ చూపు చెదరిన నాడు చేతిలో మిగులునది వాయిదాల పుస్తకమే.

కష్టపడి సంపాదించినవాడు మంచి వస్తువును కోరుట తప్పా యని ఆక్షేపింపవచ్చును. ముసలి తల్లిని కుదుపు లేని బండిలో ఆసుపత్రికి తీసికొనిపోవలెననుట, భార్యాబిడ్డల ప్రయాణము భద్రముగా నుండవలెననుట ఎన్నటికిని దోషము కాదు. చక్కని పనిని చూచి మెచ్చుట కూడ పనివానికి చేయు నమస్కారమే. పేదరికమును అభినయించుట వైరాగ్యము కానట్లే, మంచి కారు కొనుట దానంతటదే దురాశ కానేరదు. విచారింపవలసినది కోరిక ఉన్నదా లేదా యని కాదు, ఆ కోరిక దేనిని పట్టుకొని యున్నదని.

దానిని తెలిసికొనుటకు గొప్ప శాస్త్రము అక్కరలేదు. ఆ కారుపై నున్న ముద్రను ఊడదీసి, పేరెరుగని సంస్థదిగా అదే వెలకు నిలిపినచో కొనబుద్ధి యగునా? ఎవరును చూడని రాత్రివేళ, ఎరుగని ఊరి దారిలో దానిని నడుపుటయందు తృప్తి యుండునా? దాని వాయిదా కొరకు ఇంటివారి అవసరములలో దేనినైనను వెనుకకు నెట్టవలసి వచ్చునా? మొదటి రెండింటికి ఔననియు, మూడవదానికి కాదనియు నిర్మలముగా చెప్పగలవాడు కొన్నది మంచి పనిని. అట్లు చెప్పలేనివాడు కొనునది ద్వారము మాత్రమే. దాని ఆవల మరియొక ద్వారము, దాని ఆవల మరియొకటి యుండును. అట్టివాడు గడపలను లెక్కించుచునే ఆయువు గడపును, ఏ యింటిలోను కూర్చుండి విశ్రమింపజాలడు.